గుండె బ్లాకులు ఎంత తీవ్రమో రక్త పరీక్ష చెబుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ల్యాబ్ రిపోర్టు చేతపట్టుకుని వచ్చే పేషెంట్లు, వాళ్ళ పిల్లలు ఏళ్ళ తరబడి అడుగుతున్న సందేహాలు ఇవి. మాటలు మారతాయి గానీ అందరి మనసులో ఉండేది ఒకటే: "ఈ నంబరు ఇంత వచ్చింది, అంటే బ్లాకు ఎంత ఉన్నట్టు?" రక్తంలోని నంబరుకూ నాళంలోని బ్లాకుకూ సంబంధం ఉంది, కానీ అది అంత సూటిగా ఉండదు. దాన్ని అపార్థం చేసుకుని కొందరు అనవసరంగా భయపడుతున్నారు. కొందరేమో భయపడాల్సిన చోట ధీమాగా ఉండిపోతున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఈ రెండోదే. ఏ ప్రశ్నకు జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తవుతుంది కాబట్టి మీకు కావలసింది నేరుగా చదువుకోవచ్చు. చికిత్స మార్చుకునే ముందు మాత్రం మీ డాక్టరుతో మాట్లాడండి.

## టెస్టుకు ముందు

ఒక్క రక్త పరీక్షతో గుండెలో ఎన్ని బ్లాకులున్నాయో తెలిసిపోతుందా?

తెలియదు. ఫలానా ధమని ఇంత శాతం పూడుకుపోయిందని చెప్పే రక్త పరీక్ష ఇప్పటివరకు లేదు. రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది. అందులో దొరికిన పదార్థం గుండె నాళం నుంచి వచ్చిందో, కాలి నాళం నుంచి వచ్చిందో, చిగుళ్ళ ఇన్ఫెక్షన్ నుంచి వచ్చిందో చాలాసార్లు తేల్చలేం. పూడిక ఎక్కడుందో, ఎంతుందో బొమ్మలో చూడాల్సిందే. అందుకు సీటీ యాంజియోగ్రామ్ గానీ, కాథెటర్ పంపి చేసే యాంజియోగ్రామ్ గానీ కావాలి.

రక్తం చెప్పే సంగతులు వేరు. పూడికను పెంచే కొవ్వు కణాలు ఎన్ని తిరుగుతున్నాయి, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు లాంటి ప్రతిచర్య) ఎంత ఉంది, గుండె కండరం ఇప్పటికే దెబ్బతిందా లేక భారం మోస్తోందా అన్నవి రక్తంలో కనిపిస్తాయి. చికిత్స ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించడానికి ఇవి చాలా అవసరం.

డాక్టర్లు 'తీవ్రత' అన్నప్పుడు అసలు దేన్ని అంటున్నారు?

మూడు వేర్వేరు విషయాలను ఒకే మాటతో అంటుంటారు. గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది.

మొదటిది పూడిక ఎంత ఉందన్నది. యాంజియోగ్రామ్‌లో ఎడమ ప్రధాన ధమని 50 శాతం, మిగతా ధమనులు 70 శాతం సన్నబడితే ముఖ్యమైన బ్లాకుగా లెక్కిస్తారు. బ్లాకులు ఎక్కడున్నాయి, ఎంత సంక్లిష్టంగా ఉన్నాయన్నది చూసి సింటాక్స్ స్కోర్ వేస్తారు. 22 వరకు తక్కువ, 23 నుంచి 32 వరకు మధ్యస్థం, 33, అంతకు మించితే ఎక్కువ.

రెండోది గుండె కండరానికి రక్తం ఎంత తక్కువగా అందుతోంది, ఎంత కండరం దెబ్బతింది అన్నది. మూడోది రాబోయే రోజుల్లో గుండెపోటు వచ్చే అవకాశం ఎంత అన్నది.

ఈ మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. 80 శాతం పూడినా పైపొర గట్టిగా ఉన్న బ్లాకు ఏళ్ళ తరబడి కదలకుండా ఉండవచ్చు. 40 శాతమే పూడినా పైపొర పలచగా ఉన్న బ్లాకు ఒక్కసారిగా చిట్లి, దాని మీద రక్తం గడ్డకట్టి, నాళం నిమిషాల్లో మూసుకుపోవచ్చు. ఎవరైనా "ఈ మార్కర్ (రక్తంలో కొలిచే సూచిక) తీవ్రతను చెబుతుంది" అంటే, ఈ మూడింటిలో ఏ తీవ్రతను అని అడగండి.

ముఖ్యంగా చేయించుకోవాల్సినవి ఏవి?

గుండె జబ్బు అనుమానం ఉన్నవాళ్ళకు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల లెక్క), షుగర్‌తో పాటు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు), సీబీసీ (రక్తకణాల లెక్క) మూలం. వీటికి తోడు జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్ ఏ చేయించుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) ఎక్కువున్నా, షుగర్ ఉన్నా అపో బీ (పూడిక చేసే కణాల సంఖ్య) చేయిస్తే మంచిది. హెచ్‌ఎస్ సీఆర్‌పీ (ఇన్‌ఫ్లమేషన్‌ను చూపే పరీక్ష) డాక్టరు నిర్ణయాన్ని బట్టి ఉంటుంది. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) ఛాతీ నొప్పి వచ్చినప్పుడు ఆసుపత్రిలో చేసేది. ఏ లక్షణమూ లేనప్పుడు ఊరికే చేయించుకునేది కాదు.

లిపిడ్ ప్రొఫైల్‌కు పరగడుపునే వెళ్ళాలా?

చాలామందికి అక్కర్లేదు. తిన్న తర్వాత ట్రైగ్లిజరైడ్లు కొంచెం పెరుగుతాయి, ఎల్‌డీఎల్‌లో (చెడు కొలెస్ట్రాల్‌లో) వచ్చే తేడా స్వల్పం. ట్రైగ్లిజరైడ్లు డెసిలీటరుకు 400 మిల్లీగ్రాములు దాటితే మాత్రం పరగడుపున మళ్ళీ చేయాలి. చాలా ల్యాబులు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవకుండా 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కకడతాయి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క పనిచేయదు. అదే రోజు ఫాస్టింగ్ షుగర్ కూడా ఇవ్వాలంటే ఎలాగూ ఖాళీ కడుపుతోనే వెళ్ళాలి.

జలుబు, జ్వరం ఉన్నప్పుడు హెచ్‌ఎస్ సీఆర్‌పీ ఇవ్వచ్చా?

ఇవ్వకండి. సీఆర్‌పీని కాలేయం తయారుచేస్తుంది. ఒంట్లో ఎక్కడ ఇన్ఫెక్షన్ ఉన్నా, దెబ్బ తగిలినా, పన్ను పీకించుకున్నా పెరిగిపోతుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటిన ఫలితాన్ని గుండె లెక్కలోకి తీసుకోకూడదు. ఒళ్ళు పూర్తిగా నెమ్మదించాక, రెండు వారాలు ఆగి మళ్ళీ ఇవ్వండి. మామూలు సీఆర్‌పీ, హెచ్‌ఎస్ సీఆర్‌పీ కొలిచేది ఒకే పదార్థాన్నే. రెండోది చిన్న చిన్న మోతాదులను కూడా పట్టగలదు. గుండె కోసమైతే కావలసింది అదే.

లైపోప్రోటీన్ ఏ అంటే ఏమిటి? ఇంతకుముందు ఏ డాక్టరూ రాయలేదే?

ఇది ఎల్‌డీఎల్ లాంటి కణమే, కాకపోతే దానికి అపో ఏ అనే ఇంకో ప్రోటీన్ అతుక్కుని ఉంటుంది. నార్వే శాస్త్రవేత్త కోరె బర్గ్ 1963లో దీన్ని గుర్తించారు. దీని మోతాదు చాలావరకు పుట్టుకతోనే, తల్లిదండ్రుల జన్యువులను బట్టి నిర్ణయమైపోతుంది. తిండి, వ్యాయామం వల్ల పెద్దగా మారదు. అందుకే ఒక్కసారి చేయిస్తే సాధారణంగా సరిపోతుంది. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు, లేదా లీటరుకు 125 నానోమోల్స్ దాటితే ఎక్కువ కిందే లెక్క. ఈ రెండు కొలతలను ఒకదాన్నుంచి ఇంకోదానికి ఖచ్చితంగా మార్చడం కుదరదు. మీ ల్యాబ్ ఏ కొలతలో ఇచ్చిందో చూసి, ఆ హద్దుతోనే పోల్చుకోండి.

ఇంతకాలం డాక్టర్లు దీన్ని రాయకపోవడానికి ప్రధాన కారణం, దీన్ని బాగా తగ్గించే మందు లేకపోవడం. నా దృష్టిలో అది సరైన కారణం కాదు. ఇది ఎక్కువని తెలిస్తే ఎల్‌డీఎల్‌ను, బీపీని, షుగర్‌ను మరింత గట్టిగా అదుపు చేయవచ్చు. చిన్న వయసులో గుండెపోటు వచ్చిన కుటుంబాల్లో ఈ ఒక్క పరీక్షతో కారణం బయటపడటం నేను చూశాను.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నాను. పరీక్షలకు ఇబ్బందా?

ఇబ్బందే, తప్పకుండా చెప్పాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల ల్యాబ్ పద్ధతులను తప్పుదారి పట్టిస్తుంది. ట్రోపోనిన్ నిజంగా పెరిగి ఉన్నా రిపోర్టులో తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2017లోనే దీనిపై హెచ్చరించింది. ఎమర్జెన్సీలో చేరినప్పుడు బీపీ మాత్రల పేర్లతో పాటు ఈ మాత్ర పేరు కూడా చెప్పండి.

## రిపోర్టు చేతికి వచ్చాక

ఎల్‌డీఎల్ నార్మల్ అనే ఉంది. మరి బ్లాకులు ఎలా వచ్చాయి?

రిపోర్టులో పక్కన అచ్చేసే 'నార్మల్' అందరికీ కలిపి పెట్టిన హద్దు. మీకు సరిపోయే హద్దు మీ రిస్కును బట్టి ఉంటుంది. బ్లాకులు ఉన్నట్టు తేలినవాళ్ళకు ఎల్‌డీఎల్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉండాలి. 2019 నాటి యూరప్ మార్గదర్శకాలు 55 కంటే తక్కువకు తేవాలంటాయి. అలాంటి మనిషికి 110 వస్తే, రిపోర్టు నార్మల్ అన్నా అది ఎక్కువే.

ఇంకోటి, పూడిక ఒక రోజు ఎల్‌డీఎల్‌తో ఏర్పడదు. ఇరవై ముప్ఫై ఏళ్ళ పాటు నాళం గోడలోకి చేరుతూ వచ్చినదంతా కలిస్తే ఈ రోజు కనిపించే బ్లాకు. ఈ మధ్య తగ్గిన నంబరు పాత లెక్కను చెరిపేయదు. పొగతాగడం, బీపీ, షుగర్, లైపోప్రోటీన్ ఏ వీటిలో ఏదైనా తోడైతే మధ్యస్థంగా ఉన్న ఎల్‌డీఎల్ కూడా ఎక్కువ హాని చేస్తుంది.

అపో బీ, ఎల్‌డీఎల్ రెండూ ఒకటే కదా, మళ్ళీ ఎందుకు?

ఒకటి కాదు. ఎల్‌డీఎల్ పరీక్ష కణాల లోపల ఉన్న కొలెస్ట్రాల్ బరువును చెబుతుంది. అపో బీ ఆ కణాల సంఖ్యను చెబుతుంది, ఎందుకంటే పూడిక చేసే ప్రతి కణం మీదా ఒక్కటే అపో బీ ఉంటుంది. బస్సుల్లో ఎంతమంది ఉన్నారన్నది ఒక లెక్క, రోడ్డు మీద ఎన్ని బస్సులున్నాయన్నది ఇంకో లెక్క. నాళం గోడలోకి దూరేది బస్సు. షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవాళ్ళలో కణాలు చిన్నవిగా, ఎక్కువగా ఉంటాయి. వాళ్ళకు ఎల్‌డీఎల్ బాగానే కనిపిస్తుంది, అపో బీ మాత్రం పెరిగి ఉంటుంది. ఈ పరీక్ష దొరకకపోతే మొత్తం కొలెస్ట్రాల్ నుంచి హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) తీసేయండి. మిగిలిన నాన్ హెచ్‌డీఎల్ దాదాపు అదే పని చేస్తుంది, అదనపు ఖర్చూ లేదు.

హెచ్‌ఎస్ సీఆర్‌పీ 4 వచ్చింది. పెద్ద బ్లాకు ఉన్నట్టేనా?

కాదు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు రిస్కు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. ఇది రాబోయే కాలపు రిస్కుకు సంబంధించిన విభజన. బ్లాకు సైజుతో దీనికి ఉన్న సంబంధం బలహీనం. ఒళ్ళు బరువు ఎక్కువున్నా, పొగతాగినా, కీళ్ళవాతం ఉన్నా, చిగుళ్ళ జబ్బు ఉన్నా 4 రావచ్చు. రెండు వారాల తేడాతో రెండుసార్లు చేయించి, రెండుసార్లూ ఎక్కువే ఉంటే దాన్ని రిస్కు పెంచే అంశంగా లెక్కలో వేసుకోవాలి.

హెచ్‌డీఎల్ 32 ఉంది. దాన్ని పెంచే మందు అడగాలా?

అడగక్కర్లేదు. మగవాళ్ళలో 40, ఆడవాళ్ళలో 50 కంటే తక్కువుంటే రిస్కు ఎక్కువన్నది నిజం. కానీ మందుతో హెచ్‌డీఎల్‌ను పెంచితే గుండెపోట్లు తగ్గలేదు. టార్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను బాగా పెంచింది, దాంతోపాటు మరణాలూ పెరగడంతో 2006లో ట్రయల్ ఆపేశారు. హెచ్‌డీఎల్‌ను పెంచే నియాసిన్ అనే మందు విషయంలోనూ ఆశలు ఫలించలేదు. తక్కువ హెచ్‌డీఎల్ ఒక గుర్తు. దాని వెనక ఉన్న అధిక బరువు, షుగర్, పొగ, కదలకుండా కూర్చోవడం మీదే మన శ్రమ పెట్టాలి.

హోమోసిస్టీన్ ఎక్కువుంది, విటమిన్లు వేసుకుంటే బ్లాకులు తగ్గుతాయా?

తగ్గవు. హోమోసిస్టీన్ రక్తంలో ఉండే ఒక అమైనో ఆమ్లం. ఫోలిక్ యాసిడ్, బీ6, బీ12 వేసుకుంటే అది తగ్గుతుంది. కానీ 2006లో వెలువడిన హోప్ 2, నార్విట్ అనే రెండు పెద్ద ట్రయల్స్‌లో నంబరు తగ్గినా గుండెపోట్లు తగ్గలేదు. అయితే హోమోసిస్టీన్ ఎక్కువుంటే బీ12 ఒకసారి చూడటం మంచిది. లోపం ఉంటే నరాల కోసం, రక్తం కోసం దాన్ని సరిచేయాల్సిందే.

సీబీసీలో ఎన్‌ఎల్‌ఆర్ లెక్క చూసుకుంటే 3.5 వచ్చింది. ప్రమాదమా?

ఎన్‌ఎల్‌ఆర్ అంటే రెండు రకాల తెల్ల రక్తకణాల నిష్పత్తి. న్యూట్రోఫిల్స్ 70 శాతం, లింఫోసైట్స్ 20 శాతం ఉంటే నిష్పత్తి 3.5. ఈ నిష్పత్తి ఎక్కువున్నవాళ్ళలో యాంజియోగ్రామ్ స్కోర్లు కూడా సగటున ఎక్కువని చాలా అధ్యయనాలు చూపాయి. అదనపు ఖర్చు లేకుండా దొరుకుతుంది కాబట్టి పరిశోధకులకు దీనిపై ఆసక్తి సహజం. కానీ అందరూ ఒప్పుకున్న హద్దు అంటూ లేదు. ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ మాత్రలు, రాత్రి నిద్ర లేకపోవడం, టెన్షన్, ఆపరేషన్ ఏవైనా దీన్ని మార్చేస్తాయి. ఒక గుంపులో సగటుగా కనిపించిన సంబంధాన్ని ఒక మనిషికి తీర్పుగా వాడలేం. ఈ నంబరు చూసి నిద్ర పాడుచేసుకోకండి.

హెచ్‌బీఏ1సీకి బ్లాకులకు ఏం సంబంధం?

షుగర్ ఉన్నవాళ్ళలో పూడిక ఒకచోట కాకుండా నాళం పొడవునా, ఎక్కువ నాళాల్లో ఉండే అవకాశం ఎక్కువ. 5.7 నుంచి 6.4 వరకు షుగర్ రాబోయే దశ, 6.5 నుంచి షుగర్. రక్తహీనత ఉంటే ఈ నంబరు తప్పుగా రావచ్చు, కాబట్టి హిమోగ్లోబిన్‌తో కలిపి చూడాలి.

క్రియాటినిన్ గుండెకు ఎందుకు చూస్తారు?

కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళలో గుండె నాళాల జబ్బు ఎక్కువగా, గట్టి కాల్షియంతో ఉంటుంది. పైగా యాంజియోగ్రామ్‌లో వాడే డై కిడ్నీల మీద భారం వేస్తుంది. ట్రోపోనిన్, బీఎన్‌పీ (గుండె మీద పడే ఒత్తిడిని చూపే పరీక్ష) నంబర్లను సరిగా అర్థం చేసుకోవడానికి కూడా ఇది తెలియాలి. చవకైన పరీక్షల్లో ఇంత సమాచారం ఇచ్చేది మరొకటి అరుదు.

## ఛాతీ నొప్పి వచ్చినప్పుడు

నొప్పి వస్తోంది. ముందు ల్యాబ్‌లో ట్రోపోనిన్ చేయించుకుని ఆసుపత్రికి వెళ్ళాలా?

వద్దు. దయచేసి అలా చేయకండి. ఛాతీలో బరువు, నొక్కేసినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అక్కడ మొదటి పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటులో ఈసీజీ చూసే చికిత్స మొదలుపెడతారు, రక్త ఫలితం కోసం ఆగరు. మీరు ల్యాబ్ బెంచీ మీద రిపోర్టు కోసం కూర్చున్న ప్రతి నిమిషమూ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది.

మొదటి ట్రోపోనిన్ నెగెటివ్ వచ్చింది. మళ్ళీ రక్తం ఎందుకు తీస్తున్నారు?

ట్రోపోనిన్ గుండె కండర కణాల లోపల ఉండే ప్రోటీన్. కణం దెబ్బతిన్నాక అది రక్తంలోకి రావడానికి కొంత సమయం పడుతుంది. నొప్పి మొదలైన గంటకే పరీక్షిస్తే ఇంకా పెరిగి ఉండకపోవచ్చు. అందుకే ఇప్పటి హై సెన్సిటివ్ పరీక్షతో గంట, రెండు గంటలు లేదా మూడు గంటల తర్వాత మళ్ళీ చూస్తారు. ఒక్క నంబరు కంటే రెండు నంబర్ల మధ్య తేడా ముఖ్యం. పెరుగుతుంటే కొత్తగా దెబ్బ తగులుతోందని అర్థం. ఎక్కువగానే ఉండి కదలకుండా ఉంటే కిడ్నీ జబ్బు లాంటి పాత కారణం కావచ్చు. రెండో శాంపిల్ ఇవ్వకుండా ఇంటికి వెళ్ళిపోకండి.

ట్రోపోనిన్ ఎంత ఎక్కువైతే బ్లాకు అంత పెద్దదా?

ట్రోపోనిన్ చెప్పేది ఎంత కండరం దెబ్బతిందన్నది. నాళం ఎంత పూడిందన్నది కాదు. ఒకే ఒక నాళం హఠాత్తుగా మూసుకుపోయినవాళ్ళకు ట్రోపోనిన్ వేలల్లోకి వెళ్ళవచ్చు. మూడు నాళాలూ నెమ్మదిగా ఏళ్ళ మీద పూడుతూ వచ్చి, పక్కదారుల గుండా రక్తం అందుతున్నవాళ్ళకు అది నార్మల్‌గానే ఉండవచ్చు. రెండో మనిషికి బైపాస్ అవసరం కావచ్చు కూడా. నంబరు తక్కువుంది కాబట్టి జబ్బు చిన్నదని అనుకోవడం ఇక్కడే బెడిసికొడుతుంది.

ట్రోపోనిన్ పెరిగింది కానీ యాంజియోగ్రామ్‌లో బ్లాకులే లేవన్నారు. రిపోర్టు తప్పా?

తప్పు కానక్కర్లేదు. గుండె కండరానికి వచ్చే వాపు, ఊపిరితిత్తుల నాళంలో రక్తపు గడ్డ, తీవ్రమైన ఇన్ఫెక్షన్, గుండె లయ విపరీతంగా వేగం కావడం, తీవ్రమైన మానసిక ఆఘాతం వల్ల గుండె తాత్కాలికంగా బలహీనపడటం, ఇలా చాలా కారణాలున్నాయి. గుండెపోటు అని తేలినవాళ్ళలో కూడా నూటికి ఐదారుగురికి పెద్ద బ్లాకు కనిపించదు. నాళం బిగుసుకుపోవడం, చిన్న పూడిక చిట్లి గడ్డ మళ్ళీ కరిగిపోవడం లాంటివి కారణం కావచ్చు. బ్లాకు లేదన్నారని ఊరుకోకుండా, అసలు కారణం ఏమిటని డాక్టరును అడగండి. గుండె ఎంఆర్ఐ చాలాసార్లు జవాబు చెబుతుంది.

ఆడవాళ్ళకు ట్రోపోనిన్ హద్దు వేరా?

వేరే. ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళలో ట్రోపోనిన్ మగవాళ్ళకంటే తక్కువ ఉంటుంది. విరివిగా వాడే ఒక హై సెన్సిటివ్ ట్రోపోనిన్ ఐ పరీక్షలో లీటరుకు మగవాళ్ళకు 34, ఆడవాళ్ళకు 16 నానోగ్రాములు హద్దు. అందరికీ ఒకే హద్దు పెడితే ఆడవాళ్ళలో చిన్న గుండెపోట్లు తప్పిపోతాయి. ఆడవాళ్ళ నొప్పిని గ్యాస్ అనో టెన్షన్ అనో కొట్టిపారేసే అలవాటు ఎలాగూ ఉంది, హద్దు కూడా తప్పైతే అన్యాయం రెట్టింపవుతుంది.

ఎన్‌టీ ప్రో బీఎన్‌పీ బ్లాకులకు సంబంధించినదా?

నేరుగా కాదు. గుండె గోడ సాగినప్పుడు, ఒత్తిడి పడినప్పుడు ఇది పెరుగుతుంది. గుండె వైఫల్యం ఉందో లేదో అంచనా వేయడానికి వాడతారు. ఆయాసం నిదానంగా మొదలైనవాళ్ళలో మిల్లీలీటరుకు 125 పికోగ్రాముల లోపుంటే గుండె వైఫల్యం అవకాశం చాలా తక్కువ. వయసు, కిడ్నీ జబ్బు దీన్ని పెంచుతాయి, లావుగా ఉన్నవాళ్ళలో తక్కువగా కనిపిస్తుంది. బ్లాకులున్న మనిషికి ఇది ఎక్కువుంటే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు.

## యాంజియోగ్రామ్ దగ్గర

రక్త పరీక్షలన్నీ బాగున్నాయి. యాంజియోగ్రామ్ వద్దనుకోవచ్చా?

ఆ నిర్ణయం రక్త పరీక్షలతో జరిగేది కాదు. నడిస్తే ఛాతీ పట్టేసి ఆగితే తగ్గుతోందా, ట్రెడ్‌మిల్‌లోనో స్కాన్‌లోనో రక్తం తక్కువ అందుతున్నట్టు కనిపించిందా, పంపింగ్ తగ్గిందా అన్నవి చూస్తారు. మంచి లిపిడ్ రిపోర్టు చూపించి యాంజియోగ్రామ్ వాయిదా వేసుకున్నవాళ్ళు ఉన్నారు. లక్షణం నిజమైనప్పుడు రిపోర్టు దాన్ని రద్దు చేయలేదు.

మూడు బ్లాకులున్నాయన్నారు, ట్రోపోనిన్ నార్మల్. వెంటనే స్టెంట్లు వేయించాలా?

నొప్పి నిలకడగా ఉండి, ట్రోపోనిన్ నార్మల్ అయితే ఆలోచించుకునే సమయం సాధారణంగా ఉంటుంది. ఇస్కీమియా అనే ట్రయల్‌లో 5,179 మందిని పరిశీలించారు. స్థిరంగా ఉన్న గుండె నాళాల జబ్బులో ముందే స్టెంటో బైపాసో చేసినా, మందులతో మొదలుపెట్టినా మరణాలలో, మొత్తం గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2019లో వెల్లడించారు. నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంట్లు, బైపాస్ మేలనిపించాయి. ఎడమ ప్రధాన ధమనిలో పెద్ద బ్లాకు ఉన్నవాళ్ళను, కొత్తగా గుండెపోటు వచ్చినవాళ్ళను అందులో చేర్చలేదు. ఈ ఫలితాన్ని వాళ్ళకు అన్వయించకూడదు.

కాల్షియం స్కోర్ అంటే రక్తంలో కాల్షియమేనా?

కాదు. అది సీటీ స్కాన్‌లో నాళాల గోడల్లో గట్టిపడిన కాల్షియాన్ని కొలిచే స్కోర్. సున్నా అయితే పూడిక చాలా తక్కువ, 100 దాటితే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) గురించి గట్టిగా ఆలోచించాలి, 400 దాటితే విస్తారంగా ఉన్నట్టు. రక్తంలో కాల్షియం దీనితో సంబంధం లేని వేరే పరీక్ష.

## మందులు మొదలయ్యాక

ఎల్‌డీఎల్ 140 నుంచి 60కి తగ్గింది. బ్లాకు కరిగిపోయినట్టేనా?

కరిగిపోలేదు, కానీ మంచే జరిగింది. నాళం లోపలికి అల్ట్రాసౌండ్ పంపి చూసిన అధ్యయనాల్లో, గట్టి చికిత్సతో పూడిక పరిమాణం తగ్గింది సుమారు 1 శాతమే. అయినా గుండెపోట్లు తగ్గడానికి కారణం, పూడిక లోపలి మెత్తని కొవ్వు తగ్గి పైపొర గట్టిపడటం. చిట్లే అవకాశం తగ్గుతుంది. నంబరు బాగుందని మాత్ర మానేస్తే కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ పాత స్థాయికి చేరుతుంది.

గుండెపోటు వచ్చిన వారానికి చేస్తే కొలెస్ట్రాల్ తక్కువొచ్చింది. మందు అక్కర్లేదా?

అక్కర ఉంది. గుండెపోటు తర్వాత ఒకటి రెండు రోజుల నుంచి ఎల్‌డీఎల్ తాత్కాలికంగా తగ్గుతుంది, వారాల పాటు అలాగే ఉండవచ్చు. అందుకే చేరిన మొదటి 24 గంటల్లో రక్తం తీస్తే మేలు. నంబరు ఎంతున్నా స్టాటిన్ ఇస్తారు.

ఇన్‌ఫ్లమేషన్ తగ్గించే మందు వేసుకుంటే గుండెపోటు ఆగుతుందా?

ఈ ఆలోచన నిజమేనని మొదట గట్టిగా చూపింది 2017లో వచ్చిన కాంటోస్ ట్రయల్. అంతకుముందు గుండెపోటు వచ్చి, హెచ్‌ఎస్ సీఆర్‌పీ 2 లేదా అంతకు మించి ఉన్న 10,061 మందికి కనకినుమాబ్ ఇంజెక్షన్ గానీ, ఉత్తుత్తి ఇంజెక్షన్ గానీ ఇచ్చారు. ఎల్‌డీఎల్ మారకుండానే, 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంత పెరిగాయి. గుండె కోసం ఆ మందు వాడుకలోకి రాలేదు.

తర్వాత చవకైన పాత మందు కాల్చిసిన్ మీదకు దృష్టి మళ్ళింది. 2020లో వచ్చిన ట్రయల్‌లో నిలకడగా ఉన్న గుండె జబ్బులో రోజుకు 0.5 మిల్లీగ్రాములతో ప్రయోజనం కనిపించింది. 2023లో అమెరికా అనుమతించింది. 2024లో, గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టి చూసిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ప్రయోజనం కనిపించలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు, కొన్ని యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్ళకు ఇది ప్రమాదం. సొంతంగా కొనుక్కుని వేసుకోకండి.

ఏ పరీక్ష ఎన్నాళ్ళకోసారి?

స్టాటిన్ మొదలుపెట్టినా, మోతాదు మార్చినా 4 నుంచి 12 వారాల్లో లిపిడ్ ప్రొఫైల్. కుదురుకున్నాక ఏడాదికి ఒకటి రెండుసార్లు చాలు. షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ మూడు నుంచి ఆరు నెలలకు. ప్రతి నెలా సీఆర్‌పీ చేయించుకుంటూ హెచ్చుతగ్గులు చూసి ఆందోళన పడటంలో ప్రయోజనం లేదు.

## వార్తల్లో చూసిన కొత్త మార్కర్ల గురించి

'బ్లాకుల తీవ్రతను ముందే చెప్పే కొత్త మార్కర్' అని చదివాను. నమ్మవచ్చా?

మూడు విషయాలు చూడండి. మొదటిది, ఎవరి మీద చేశారు? చాలావరకు యాంజియోగ్రామ్‌కు వచ్చినవాళ్ళ మీదే చేస్తారు. వాళ్ళలో జబ్బు ఎలాగూ ఎక్కువ, లక్షణాలు లేని మామూలు మనిషికి ఆ ఫలితం వర్తించకపోవచ్చు. రెండోది, హద్దు ఎలా పెట్టారు? ఉన్న సమాచారంలోనే అందంగా సరిపోయే హద్దును వెతికి, అదే సమాచారంలో అది పనిచేసిందంటే గొప్పేం కాదు. వేరే ఆసుపత్రిలో, వేరే పేషెంట్ల మీద మళ్ళీ నిలబడాలి. మూడోది, జబ్బు ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను మార్కర్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే ఏయూసీ అనే నంబరు. 0.5 అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే, 1 అంటే ఒక్క పొరపాటూ లేనట్టు. 0.65 వచ్చిన మార్కర్‌కు సంబంధం ఉందనవచ్చు గానీ, ఒక మనిషికి బ్లాకు ఉందో లేదో తేల్చే శక్తి దానికి లేదు.

అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇంకోటుంది. వయసు, బీపీ, షుగర్, పొగ, కొలెస్ట్రాల్ తెలిశాక ఈ మార్కర్ అదనంగా ఏం చెప్పింది? చాలా కొత్త మార్కర్లు ఇక్కడే ఆగిపోతాయి. లైపోప్రోటీన్ సంబంధిత ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ మీద ఎన్నో ఆశలు పెట్టుకున్నారు. దాన్ని అణిచే డారాప్లాడిబ్ అనే మందు 2014లో పెద్ద ట్రయల్‌లో విఫలమైంది.

ట్రైగ్లిజరైడ్ గ్లూకోజ్ ఇండెక్స్ అంటున్నారు, ఎలా లెక్కకట్టాలి?

పరగడుపు ట్రైగ్లిజరైడ్‌ను పరగడుపు గ్లూకోజ్‌తో గుణించి, రెండుతో భాగించి, దాని సహజ లాగరిథమ్ తీసుకోవాలి. 150, 100 అయితే 7,500, దాని విలువ సుమారు 8.92. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడాన్ని ఇది చూపుతుంది. మీరు మెరుగుపరుచుకోవాల్సింది మాత్రం ఆ రెండు మామూలు నంబర్లనే.

మా నాన్నకు 45 ఏళ్ళకే గుండెపోటు వచ్చింది, లైపోప్రోటీన్ ఏ చాలా ఎక్కువ. నాకు, మా పిల్లలకు చేయించాలా?

మీరు తప్పకుండా చేయించుకోండి. ఎక్కువ మోతాదు ఇచ్చే జన్యువు ఆయన నుంచి మీకు వచ్చే అవకాశం సగానికి సగం. మీ తోబుట్టువులకూ అంతే. మీకు ఎక్కువుంటే పిల్లలకు కూడా చూడాలి. స్టాటిన్లు దీన్ని తగ్గించవు, అయినా ఎల్‌డీఎల్‌ను బాగా దించి మొత్తం రిస్కు తగ్గిస్తాయి. దీన్నే నేరుగా తగ్గించే పెలకార్సెన్, ఓల్పాసిరాన్ లాంటి మందులను పెద్ద ట్రయల్స్‌లో పరీక్షిస్తున్నారు. పరీక్షకు వెళ్ళేటప్పుడు నాన్నగారి పాత రిపోర్టు, ఆయనకు గుండెపోటు వచ్చిన వయసు ఒక కాగితం మీద రాసి వెంట తీసుకెళ్ళండి. మీ రిస్కును అంచనా వేసేటప్పుడు డాక్టరు ముందుగా అడిగేది అదే.